వెనక బేరింగు

1989 మే నెలలో ఆఫీసు పని మీద బాపట్ల వెళ్ళాను. తెనాలిలో మా మేనమామ ఇంట్లో దిగి, పొద్దున్నే పాసింజరు ఎక్కి, బాపట్ల స్టేషను ఎదురుగా నాలుగు ఇడ్లీ తిని గోడౌను దాకా నడిచాను. సంచీలో టార్చిలైటు, స్పానర్లు, పొడుగాటి స్క్రూడ్రైవరు, రిపోర్టు కాగితాలు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. భయపడడానికి ఏ కారణమూ లేని ఉదయం అది.

నా పేరు జగన్నాథరావు. బెంగుళూరులో విమానాల ఇంజన్లు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరుని. ఇంజను టెస్టు చేసి, ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టడం నా పని. అప్పటికి రెండేళ్ళ కిందట నేను సంతకం పెట్టిన ఇంజనొకటి గాలిలో ఆగిపోయింది. విమానం బాపట్లకు ఎదురుగా సముద్రంలో పడింది. నడిపినతనికి ఇరవై నాలుగేళ్ళు. శవం దొరకలేదు. ఇంజను మాత్రం నేను వెళ్ళడానికి పది రోజుల ముందు జాలరుల వలకు తగిలింది. తీసుకొచ్చి స్టేషను వెనక పాత ధాన్యం గోడౌనులో పెట్టారు. ఎందుకు ఆగిపోయిందో చూసి రాయమని నన్నే పంపారు.

ఎందుకు ఆగిపోయిందో నాకు తెలుసు.

నా కింద ఆశీర్వాదం అని ఫిట్టరుండేవాడు. కర్లపాలెం మనిషి. ఇద్దరిదీ ఒకే వైపని నేనంటే అభిమానం. టెస్టు అయ్యాక ఇంజను చల్లబడేదాకా ఆగి, ముందు బ్లేడ్లను ఇంకొకరి చేత తిప్పిస్తూ, స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. మీటర్లు చెప్పనివి అతనికి వినపడేవి. ఆ ఇంజను కూడా అలాగే విని నా దగ్గరికొచ్చాడు.

"సార్, వెనక బేరింగు గొంతు మారిందండి. ఒక్కసారి వినండి."

వెళ్ళి విన్నాను. రాళ్ళు కలిసిన అన్నం నమిలినట్టు సన్నగా గర్... గర్... అంటోంది.

"విన్నారా అండి?"

"నాకేం వినపడలేదయ్యా," అన్నాను. మర్నాడు ఆ ఇంజను బయటికి పోకపోతే నా ప్రమోషను ఆగిపోతుంది. సంతకం పెట్టేశాను.

ఎంక్వయిరీలో, ఫిట్టరు నాకేమీ చెప్పలేదన్నాను. ఆశీర్వాదం నా వంక చూశాడు. అతని ఉద్యోగం తీసేశారు. రేపల్లెలో పంపుసెట్లు బాగుచేసే షాపులో కుదిరాడని, ఏడాది తిరక్కుండానే గుండె ఆగి పోయాడని తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

గోడౌను తలుపు వాచ్‌మన్ వీరరాఘవయ్య తీశాడు. లోపల ఉప్పు, ఎండుచేపలు, ముక్కిన ధాన్యం కలిసిన వాసన. మధ్యలో దుంగల మీద ఇంజను. ఒళ్ళంతా తుప్పు, గుల్లలు. బ్లేడ్లు పట్టుకుని తిప్పబోయాను. రాలేదు. ఇద్దరం కలిసి గడ్డపార వేసి ఎత్తినా వెంట్రుకవాసి కదల్లేదు.

"బిగుసుకుపోయిందండి. నేను అన్నం తినొస్తా," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

పన్నెండున్నర. కప్పు రేకులు ఎండకి చిటపటమంటున్నాయి. వెనక మూత విప్పి టార్చి వేశాను. బేరింగు గుండ్లు నలిగి, పెచ్చులు లేచి, వేడికి నీలంగా మారిపోయాయి. సరిగ్గా అతను చెప్పిన చోటే. ఉప్పునీళ్ళు చేసే పని కాదది.

మూత మళ్ళీ బిగించేశాను. గోడ పక్క స్టూలు మీద కూర్చుని కాగితం తీసి రాశాను. 'తుప్పు కారణంగా ఇంజను ఎందుకు ఆగిందో నిర్ధారించడం సాధ్యం కాదు.' చెయ్యి వణకలేదు. ఇప్పటికీ నాకు సిగ్గు అదే.

సంతకం పెడుతుంటే వెనక నుంచి... టక్.

కప్పు రేకు అనుకున్నాను.

టక్... టక్... టక్...

ఆ చప్పుడు నాకు తెలుసు. ఇరుసు నెమ్మదిగా తిరిగేటప్పుడు బ్లేడ్లు గాడుల్లో అటూ ఇటూ కదిలి చేసే చప్పుడు. పదిహేనేళ్ళుగా వింటున్నాను. ఎదురుగాలి ఉంటే వాటంతట అవే తిరుగుతాయి. కానీ ఇక్కడ గాలి లేదు.

తిరిగి చూశాను. బ్లేడ్లు తిరుగుతున్నాయి. తుప్పు ఎర్రగా పొడిపొడిగా రాలుతోంది. ఎవరో చేత్తో తిప్పుతున్నట్టు... కాస్త తిరిగి, ఆగి... చెయ్యి మార్చుకుని... మళ్ళీ తిరిగి...

పారిపోవాలనుకున్నాను. కాళ్ళు అటే నడిచాయి. స్క్రూడ్రైవరు సంచీలోంచి ఎప్పుడు తీశానో గుర్తు లేదు. మొన ఆనించాను. పిడి చెవికి పెట్టుకున్నాను.

గర్... గర్... గర్...

దాని వెనక ఇంకేదో ఉంది. నీళ్ళు. చాలా నీళ్ళు. ఆ నీళ్ళ అడుగున ఎవరో ఊపిరి కోసం...

అప్పుడు ఆ పిడిలోంచే, నా చెవిలోకి, మెల్లగా, ఎంతో మర్యాదగా...

"విన్నారా అండి?"

"విన్నాను," అన్నాను. "అప్పుడూ విన్నాను."

బ్లేడ్లు ఆగిపోయాయి.

రాసిన కాగితం చింపేసి కర్లపాలెం బస్సెక్కాను. అడిగితే చర్చి వెనక సందులో ఆశీర్వాదం ఇల్లు చూపించారు. అతని భార్య దానమ్మ నన్ను బెంగుళూరులో చూసే ఉంది, చూడగానే గుర్తుపట్టింది. అరుగు మీద చాప వేసి మజ్జిగ ఇచ్చింది. ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె ఏడవలేదు. చీపురుపుల్ల ముక్కలు ముక్కలుగా విరుస్తూ కూర్చుంది.

"నాకు చెప్తే ఏముందండి. ఆయనకి చెప్పుకోండి."

"ఆయన లేడు కదమ్మా."

"సమాధి చేయించింది నేనే గదండి. నాకు తెలీదా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పది రోజుల్నించి పొద్దుగూకే ఏళకి వస్తన్నారు. చేతుల నిండా నూనె. బాపట్లలో డ్యూటీ పడిందంటారు. సారు వచ్చేదాకా ఇంజను చూసుకోవాలంటారు. చేతులు కడుక్కోను నీళ్ళు పెడతన్నాను. ఏం చెయ్యమంటారు చెప్పండి."

పెరట్లో బావి పక్కన బేసిను ఉంది. నీళ్ళ మీద నల్లటి నూనె తెట్టు... ఇంకా సుళ్ళు తిరుగుతోంది.

పొద్దుగూకేదాకా అక్కడ ఉండే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు నిజం రాసి పంపాను. బేరింగు సంగతి, ఆశీర్వాదం హెచ్చరించిన సంగతి, నేనాడిన అబద్ధం. నా ఉద్యోగం పోయింది. అతని తప్పు లేదని కంపెనీ దానమ్మకు ఉత్తరం రాసింది. నేను అంగలకుదురులో ఇల్లు అద్దెకు తీసుకుని, తెనాలిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. అంతటితో తీరిపోయిందనే అనుకున్నాను.

పోయిన నెల దానమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. 'సారుగారికి వందనములు. మీరు వచ్చి వెళ్ళిన రోజు నుంచి ఆయన ఇంటికి రావటం లేదు. మీ దగ్గరకు గాని వచ్చినారా?'

లేదని రాద్దామనుకుంటూనే రోజులు గడిపేశాను. మొన్న మా ఆవిడ ఝాన్సీలక్ష్మి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"రోజూ గేటు దగ్గర నిలబడేది ఎవరండి? కర్లపాలెం నుంచి అంటాడు. గుడ్డలో చుట్టి ఏదో పట్టుకొస్తాడు, దాన్నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంటాడు. ఏంటయ్యా అది, ఇలా ఇవ్వు అంటే ఇవ్వడు. సారు పిలిస్తే లోపలికొచ్చి ఇస్తానంటాడు."

నేనింకా పిలవలేదు.

ఇక్కడ వానలు పడి రెండు నెలలయింది. మా గేటు ముందు సిమెంటు మాత్రం మండుటెండలో కూడా ఆరడం లేదు. దాని మీద తెల్లగా ఉప్పు పేరుకుంటోంది.