సీసాలో నువ్వులు

"సీసాలో నువ్వులు తేలుతున్నాయండీ," అంది టీచరమ్మ.

నర్సరీ వరండాలో నిలబడ్డ తల్లిదండ్రులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎక్కడి పని అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చినవాళ్ళు వాళ్ళు. ఒకాయనైతే సగం గడ్డంతోనే వచ్చాడు. ఫోన్‌లో చెప్పింది ఒక్కటే ముక్క: మీ పిల్లలుండే బాతుపిల్లల గది టెస్టు చెడిపోయింది, వెంటనే రండి.

అవి వైరస్ రోజులు. నర్సరీ తెరిచి ఉండాలంటే సోమవారం, గురువారం పొద్దున్నే పిల్లలకు టెస్టు చేయించాల్సిందే. దూది చుట్టిన పుల్లను అమ్మో నాన్నో పట్టుకుంటే, పిల్లలు ఐస్‌ఫ్రూట్‌లా కాసేపు చప్పరించాలి. గదిలోని పిల్లల పుల్లలన్నీ ఒకే సీసాలో వేసి ల్యాబుకు పంపుతారు. సీసా బాగుంటే గదంతా బాగున్నట్టు. సీసా తేడా చేస్తే గదంతా ఇంటికి. అందుకని పుల్ల చప్పరించేదాకా పిల్లల నోట్లో మంచినీళ్ళు తప్ప మరేమీ పడకూడదని టీచరమ్మ పదేపదే చెప్పింది.

"నువ్వులు పడ్డ సీసాను ల్యాబులో మెషిన్ చదవలేదట. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. సాయంత్రం రిజల్టు వచ్చేదాకా పిల్లలు మీ దగ్గరే ఉంటారు," అంది టీచరమ్మ. "ఇంతకీ పొద్దున్నే నువ్వులు తిన్నదెవరు?"

అందరికంటే వెనక నిలబడ్డ ఒక మనిషి మెల్లగా స్తంభం చాటుకు జరిగాడు. సందు చివరి బేకరీ అతనిదే. చెవుల వెనక ఇంకా మైదాపిండి ఉంది. తలమీద నువ్వులు కూడా ఉన్నాయేమోనని ఒకసారి తడుముకున్నాడు.

"నేనే! నేనే!" అని చెయ్యెత్తింది అతని కూతురు, బహుమతి ఇస్తారేమో అన్నంత సంబరంగా. "రోజూ ఫస్టు బన్ను నేనే తింటా. నేను బాగుంది అంటేనే నానమ్మ షాపు తెరుస్తుంది."

ఆ పిల్లను అందరూ బన్ను అనే పిలుస్తారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ బేకరీలో అది తాతలనాటి పద్ధతి. పొయ్యిలోంచి వచ్చిన మొదటి బన్ను ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు కొరికి చూసి, బాగుందని తలూపాలి. ఒకప్పుడు అతనూ ఆ ఉద్యోగం చేసినవాడే. ఆ ఇంట్లో దాన్ని తిండి అని ఎవరూ ఎన్నడూ అనుకోలేదు, పని అనుకున్నారు. అందుకే పొద్దున టీచరమ్మ "ఏమైనా తినిపించారా?" అని అడిగితే, "అబ్బే, లేదండీ" అని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాడు.

"ఏమండీ బేకరీగారూ!"

నీలం యూనిఫాంలో ఉన్న ఒకావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. సిటీ బస్సు నడపడం నేర్చుకుంటున్న మనిషి.

"ఏమీ పెట్టలేదన్నారుగా?"

"అది... తిండి కాదండీ. బన్ను."

"బన్ను తిండి కాదా? మరేంటి, ఫర్నిచరా?"

సగం గడ్డం ఆయన కిసుక్కున నవ్వాడు. బేకరీ అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మావాడు ఆకలి ఆకలి అని ఏడుస్తుంటే, టెస్టయ్యాక పెడతా నాన్నా అని దారంతా బుజ్జగించి తెచ్చా. మీరు మాత్రం దర్జాగా నువ్వుల బన్ను తినిపించి తీసుకొచ్చారు! ఈ మధ్యాహ్నం నాకు రోడ్డు టెస్టు. పాసైతేనే ఉద్యోగం. ఇవాళ తప్పితే డిపోవాళ్ళు మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం లేదు. ఇప్పుడు వీణ్ణి ఎక్కడ వదలమంటారు? స్టీరింగ్ మీద కూర్చోబెట్టమంటారా?"

"పాం పాం," అన్నాడు ఆమె కొడుకు, ఆ ఏర్పాటు తనకు ఇష్టమేనన్నట్టు. వాడు నమస్తే అయినా గుడ్ మార్నింగ్ అయినా అలాగే చెబుతాడు కాబట్టి వాడి పేరు హారన్ అయిపోయింది.

నిజానికి బేకరీ అతనికి ఆమె కొత్తేం కాదు. ఆమెకే అతను కొత్త. వారానికి రెండు పొద్దుటిపూటలు అతను ఆమెను కళ్ళప్పగించి చూస్తున్నవాడే. బాతుపిల్లల గదిలో అందరికంటే మొండి నోరు హారన్‌ది. పుల్ల కనబడితే చాలు, పెదాలు బిగించేస్తాడు. మిగతా తల్లులు బతిమాలేవారు, తండ్రులు బెదిరించేవారు. ఆమె మాత్రం వాడి ముందు గొంతుకూర్చుని, "బస్సు స్టాపుకొచ్చింది. డోర్ ఓపెన్! ఉస్స్‌స్..." అనేది. వాడి నోరు అచ్చం బస్సు తలుపులా తెరుచుకునేది. "ఒక్కడే ప్యాసింజర్, జరగాలి జరగాలి," అంటూ పుల్ల పెట్టేది. అది చూసి అతను ఎన్నిసార్లు తన చేతిలో పుల్ల సంగతి మరిచిపోయాడో బన్నుకే తెలుసు. ఎంత ఓపిక, ఎంత తెలివి అనుకునేవాడు. పలకరిద్దామని ప్రతిసారీ అనుకునేవాడు. నోరు పెగిలేది కాదు.

ఇద్దరూ ఒంటిచేత్తో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళే. బన్ను పాకే వయసులోనే దాని తల్లి జబ్బుచేసి పోయింది. హారన్ తండ్రి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు, ఇంకో ఊళ్ళో, ఇంకో సంసారంతో.

తీరా ఇవాళ పలకరింపు జరిగింది. అదీ ఫర్నిచర్ గురించి.

టీచరమ్మ కొత్త పుల్లలు పంచింది. ఆమె కొడుకు ముందు కూర్చుని, "డోర్ ఓపెన్," అంది. ఉస్స్‌మనడం మాత్రం మరిచిపోయింది. పిల్లలకు అన్నీ తెలుస్తాయి. వాడు అమ్మ మొహం చూసి, పెదాలు ఇంకా గట్టిగా బిగించాడు.

"నాన్నా, ఒక్కసారి. బస్సు స్టాపుకొచ్చింది కదా..."

హారన్ తల అడ్డంగా ఊపాడు. ఆమె గోడ గడియారం వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరగడం అతనొక్కడే గమనించాడు.

ఇక స్తంభం చాటున ఉండలేకపోయాడు. వచ్చి, ఆమె చేతిలో పుల్ల అందుకుని, హారన్ పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"బస్సు రిపేరా బాబూ? పోనీలే. మా పొయ్యి చూశావా ఎప్పుడైనా?"

వాడు కళ్ళు తిప్పి చూశాడు.

"ఎంత పెద్దదో! తలుపు తీస్తే లోపల ఎర్రగా, వెచ్చగా ఉంటుంది. పొడుగు చెక్కగరిట పెట్టి ఇటో బన్ను, అటో బన్ను తీస్తాను. నీ పొయ్యిలో ఎన్ని ఉన్నాయో మరి? తలుపు తియ్యకపోతే మాడిపోతాయి! అదిగో, వాసనొస్తోంది!"

హారన్ గాభరాగా నోరు తెరిచాడు.

"అబ్బో! ఇక్కడొకటి. ఈ బుగ్గలో ఒకటి. నాలుక కింద దాక్కుంది చూడు దొంగ బన్ను..." అంటూ పుల్లను నోరంతా తిప్పి బయటికి తీశాడు. "భలే కాలాయి. ఒక్కటీ మాడలేదు."

వాడు గర్వంగా అమ్మ వైపు చూశాడు. "పాం పాం," అన్నాడు.

ఆమె అతని చేతిలో పుల్లను, మోకాళ్ళకంటిన దుమ్మును, చెవుల వెనక పిండిని వరసగా చూసింది.

"తప్పు నాదేనండీ," అన్నాడతను. "మీవాడూ మా బన్నూ ఒకే గదివాళ్ళు. ఎలాగూ పొద్దుట్నుంచీ కలిసే ఉన్నారు. బేకరీ వెనక పెరడుంది, అక్కడ ఆడుకుంటారు. ఇంకెవరినీ రానివ్వను. మా అమ్మను కూడా షాపులోనే ఉండమంటాను. మీరు టెస్టుకు వెళ్ళండి."

"మిమ్మల్ని ఎలా నమ్మమంటారు? బన్ను తిండి కాదన్న మనిషిని!"

"ఇకమీదట తిండేనండీ. ఒట్టు."

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినందుకు ఆమెకే కోపమొచ్చింది. టీచరమ్మ కూడా పర్వాలేదని తలూపడంతో హారన్ చెయ్యి తీసి అతని చేతిలో పెట్టింది.

"వాడికి బాగా ఆకలిగా ఉంది," అని మాత్రం చెప్పి బయటికి పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. హారన్ కడుపునిండా తిని, పెరట్లో ఖాళీ పిండి డబ్బాలతో బస్సు కట్టాడు. బన్ను దాంట్లో ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. పెరటి గేటు దగ్గర నిలబడ్డ అతనికి మాత్రం కాలు నిలవడం లేదు. తన నిర్వాకం వల్ల ఆమె ఆలస్యంగా చేరిందేమో, కంగారులో తప్పు చేసిందేమో.

"మా అమ్మ!" అని అరిచాడు హారన్.

సందు మొదట్లో మలుపు దగ్గరికి ఒక పెద్ద బస్సు వచ్చింది. అద్దం మీద ట్రైనింగ్ అని రాసి ఉంది. ఆ మలుపులో ఆటోవాళ్ళే తిట్టుకుంటూ తిరుగుతారు. ఒకవైపు కరెంటు స్తంభం, ఇంకోవైపు కూరల బండి. ఆమె పక్కన కూర్చున్న డిపో అధికారి రెండు చేతులతో ఎదురుగా ఉన్న కడ్డీ పట్టుకున్నాడు. ఆమె మాత్రం హడావిడి పడలేదు. బస్సు ఆపింది. అద్దంలో చూసుకుంది. గొడుగు కింద ఒక ముసలాయన దాటేదాకా హారన్ కొట్టకుండా ఆగింది. తర్వాత పసిపిల్లను పక్క మీదికి దొర్లించినంత మెత్తగా బస్సును తిప్పింది. కూరల బండి మీద కొత్తిమీర కట్ట కూడా కదల్లేదు.

బేకరీ అతనికి చప్పట్లు కొట్టాలనిపించింది. చేతులనిండా పిండి ఉందని గుర్తులేక కొట్టేశాడు కూడా.

సాయంత్రం సీసా బాగుందని నర్సరీ నుంచి ఫోనొచ్చింది. కాసేపటికి ఆమె వచ్చింది, తడిసిన టోపీ చేత్తో పట్టుకుని, మొహం గంభీరంగా పెట్టుకుని. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైందండీ?"

"ఆ మలుపులో గేటు దగ్గర ఎవరో గాల్లో పిండి ఎగరేస్తున్నారట. ఆ పొగమంచులో కూడా బాగా తిప్పానని అధికారి మెచ్చుకున్నారు." అని చెప్పి, ఇక ఆపుకోలేక నవ్వేసింది. "పాసయ్యాను!"

షాపులోంచి అతని తల్లి తొంగిచూసింది. "ఎవర్రా ఆ అమ్మాయి? తడిసిపోయింది. తువ్వాలు ఇవ్వవేం, అలా గుడ్లప్పగించి చూస్తావు?"

"పర్లేదు ఆంటీ," అంది ఆమె.

ఆ తర్వాత సోమ గురువారాలు వచ్చాయంటే బాతుపిల్లల గది వరండా కళకళలాడేది. కొందరు పిల్లలు బస్సులు, కొందరు పొయ్యిలు. సగం గడ్డం ఆయన కూతురైతే రెండూ తనే కావాలని పేచీ. ఆమె పుల్ల పట్టుకునే తీరును అతను చూసేవాడు, అతను పిల్లలతో చెప్పే కబుర్లను ఆమె వినేది. బన్ను మొదటి బన్ను ఆ రెండు రోజులూ టెస్టయ్యాకే, వరండాలోనే, సగం హారన్‌తో పంచుకుని తినేది. ఇద్దరూ తలూపాక అతను తల్లికి ఫోన్ చేస్తే షాపు తెరుచుకునేది.

ఒకరోజు టీచరమ్మ, "శుభవార్త! సోమవారం నుంచి టెస్టులు అక్కర్లేదు," అంది. వరండా అంతా చప్పట్లు. అందరి మొహాలూ వెలిగిపోయాయి, ఒక్కడిది తప్ప.

"నాన్నా, నీకు పుల్ల గుచ్చుకుందా?" అని అడిగింది బన్ను.

ఆమెకు పొద్దుటి డ్యూటీ పడింది. హారన్‌ను పొరుగింటావిడ దింపుతోంది. బేకరీ అతను నర్సరీ గుమ్మం దాకా వెళ్ళడం, ఖాళీ వరండా చూసి తిరిగిరావడం. రెండు వాయిల బన్నులు మాడాయి.

"ఏరా," అంది తల్లి, మాడిన బన్నును అటూ ఇటూ తిప్పి చూస్తూ. "ఊళ్ళో పిల్లలందరి నోళ్ళూ తెరిపించావట. నీ నోటికేం వచ్చింది?"

"ఏం చెప్పమంటావమ్మా, ఆవిడ ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే, తీసుకెళ్ళిన బన్నులు నువ్వే తినిరా. పో."

మర్నాడు పొద్దున అతను వేడి వేడి బన్నుల సంచితో బస్సెక్కాడు. సరిగ్గా డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె అద్దంలో చూసింది. కనుబొమ్మలు ఎగరేసింది. అతను నోరు తెరవబోతే, తలపైన బోర్డు వైపు వేలు చూపించింది. బస్సు నడుస్తుండగా డ్రైవర్‌తో మాట్లాడరాదు.

నోరు మూసుకున్నాడు. స్టాపులు వచ్చాయి, పోయాయి. ఎక్కినవాళ్ళంతా దిగిపోయారు. చివరి స్టాపులో ఆమె ఇంజన్ ఆపి, సీట్లోనే వెనక్కి తిరిగింది.

"ఎక్కడికండీ ప్రయాణం?"

"ఇక్కడికే."

"ఇక్కడేముంది, మైదానం తప్ప?"

దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. సంచి ముందుకు చాచాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె హారన్ ముందు కూర్చున్నట్టే కాస్త వంగి, మెత్తగా అంది:

"ఆ... అనండి."

"ఆ..." అన్నాడతను. నోరు తెరుచుకున్నాక మాట ఆగలేదు. "ఆ రెండు రోజులే కాదండీ, వారంలో అన్ని రోజులూ మిమ్మల్ని చూడాలనుంది. మీలాంటి మనిషిని నేను చూడలేదు. ఆ మలుపు తిప్పినట్టే మీరు బతుకంతా ఒక్కరే తిప్పుకొస్తున్నారు. పక్కన నేనుంటానంటే... కడ్డీ పట్టుకుని భయపడను. పెళ్ళి చేసుకుందామండీ. పిల్లలు ఎలాగూ ఒకే బన్ను తింటున్నారు."

ఆమె వెంటనే ముందుకు తిరిగిపోయింది. అద్దంలో కళ్ళు మాత్రం కనబడుతున్నాయి, తడిగా, నవ్వుతూ.

"ఆ రోజు వాణ్ణి మీ చేతిలో పెట్టి వెళ్ళాక, స్టీరింగ్ పట్టుకుంటే నా చెయ్యి వణకలేదు. ఎందుకా అని నాకూ ఆశ్చర్యమేసింది," అంది. ఇంజన్ మొదలైంది. "దిగండి. బస్సు డిపోకి వెళ్ళాలి."

"మరి జవాబు?"

"ఆదివారం నాకు సెలవు. వాణ్ణి తీసుకుని వస్తాను. అత్తయ్యగారిని ఎక్కడికీ వెళ్ళొద్దనండి."

అతను దిగాడు. తలుపులు ఉస్స్‌మని మూసుకున్నాయి. ఏ అత్తయ్యగారు? ఎవరి అత్తయ్యగారు? అని ఆలోచిస్తుండగానే బస్సు కదిలింది. అర్థమయ్యేసరికి మలుపు తిరుగుతూ రెండుసార్లు హారన్ మోగింది.

సన్నగా వాన. తిరుగు బస్సు ఎక్కాలన్న సంగతే తోచక, అతను ఆ దారంతా నడిచే వచ్చాడు.

"బస్సెక్కి వెళ్ళినవాడివి నడిచొచ్చావేంరా?" అంది తల్లి, తడిసిన సంచి అందుకుంటూ.

"ఆదివారం నిన్ను ఇంట్లో ఉండమందమ్మా."

"ఎవరు?"

"నీ కోడలు."

తల్లి చేతిలో సంచి చేతిలోనే ఉండిపోయింది. పిండి చేత్తో కొడుకు తల నిమిరితే జుట్టంతా పిండయింది. "నా తండ్రే," అంది, కళ్ళు ఒత్తుకుంటూ. "బన్నూ, ఇటు రావే! ఆదివారం మొదటి బన్ను నువ్వు రుచి చూస్తావో, ఆ హారన్ చూస్తాడో ఇప్పుడే తేల్చుకో. తర్వాత నాకు గొడవలొద్దు."

బన్ను నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది.

"నాదే. కానీ వాడికి నువ్వులవైపు ఇస్తాలే."