మాట చివర మీట

మామగారు బఠాణీలు వలుస్తున్నారు. పది గింజల్లో రెండు గిన్నెలో పడక, బల్ల కిందికి దొర్లిపోతున్నాయి. కోడలు చూడనట్టే వాటిని కాలితో ఆపుతూ, బల్లకు ఇటు చివర ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ల్యాప్‌టాప్ నుంచి ఓ వైరు, ఆ వైరు చివర వాళ్ల మందుల షాపు బార్‌కోడ్ స్కానర్.

ఆమె ఓ ఆదేశం టైపు చేసి పంపింది. స్కానర్ ఉలకలేదు, పలకలేదు.

"పొద్దున్నే పాముకి మంత్రం వేస్తున్నావా?" చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు భర్త.

"మీట నొక్కకుండా దానంతటదే చదివేలా చేస్తున్నాను. స్టాండులో పెట్టి, మందుపెట్టె ముందు చూపిస్తే చాలు. మామయ్యగారికి ఇబ్బంది ఉండదు."

అతడు తండ్రి వైపు చూసి గొంతు తగ్గించాడు. నెల రోజులుగా ఇంట్లో నలుగుతున్నది ఇదే. పెద్దాయన వణికే వేలు మీటను రెండుసార్లు నొక్కుతోంది. ఒక్క మందుపెట్టె కంప్యూటర్‌లో రెండుగా ఎక్కుతోంది. అది సరిదిద్దేసరికి కౌంటర్ ముందు జనం పోగవుతున్నారు. నిన్న ఓ పెద్దావిడ "ఇంకెంతసేపు బాబూ" అని ముఖం మీదే అనేసింది.

"వద్దులే. రేపట్నుంచి కౌంటర్ కుర్చీలో ఇంకెవరినైనా..." అని ఆగాడు.

"రేపట్నుంచి?" కోడలు తలెత్తింది.

"నాన్నకి విశ్రాంతి కావాలి. ఆయన మంచికే..."

"విశ్రాంతి అడిగారా ఆయన? వణికేది చేతులండీ, మనిషి కాదు. ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్తారు. మీరు చెప్పగలరా?"

"నీ మాట ఆ యంత్రమే వినడం లేదు. నాకు చెప్తున్నావా?"

ఆమె నవ్వేసి మళ్లీ తెర వైపు తిరిగింది. పెళ్లికి ముందు ప్యాకింగ్ ఫ్యాక్టరీలో ఇలాంటివాటిని ఎన్నింటినో దారికి తెచ్చిన చెయ్యి అది. అక్షరం అక్షరం సరిచూసింది. తప్పు లేదు. పంపింది. చెవిటివాడి ముందు శంఖమే.

"మాట అయిపోయిందని చెప్పావా అమ్మాయ్?"

ఇద్దరూ తిరిగి చూశారు. మామగారు బఠాణీకాయ చేతిలో పట్టుకుని తెరనే చూస్తున్నారు. ముప్పై ఏళ్లు తంతి ఆఫీసులో టెలిప్రింటర్ మీద కబుర్లు పంపిన మనిషి.

"మేం ప్రతి కబురు చివరా ముగింపు గుర్తు కొట్టేవాళ్లం. అది రాకపోతే అవతలివాడు ఇంకా ఏదో వస్తుందని కాచుకుని కూర్చునేవాడు. దీనికీ అంతేనేమో చూడు."

కోడలు నుదురు కొట్టుకుంది. ఈ ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రాం అక్షరాలే పంపుతోంది, చివర వెళ్లాల్సిన 'ఎంటర్' వెళ్లడం లేదు. ఆ అమరిక మార్చి అదే ఆదేశం మళ్లీ పంపింది. స్కానర్ కీచుమంది. తెర మీద 'ఓకే' అని బదులొచ్చింది. ఆ వెంటే ఇంకో ఆదేశం పంపింది, చదివినదాన్నే వెంటనే మళ్లీ చదవొద్దని.

స్కానర్‌ని ఖాళీ గ్లాసులో నిలబెట్టి, బిస్కెట్ ప్యాకెట్ మామగారి చేతికిచ్చింది. చెయ్యి వణికింది. ప్యాకెట్ మీద ఎర్ర వెలుగూ వణికింది. ఒక్క కీచు. తెర మీద ఒక్కటే వరస. ఆయన ప్యాకెట్ అలాగే పట్టుకున్నా అది మళ్లీ నోరెత్తలేదు.

"నయం, ఇది మాట వింది," అన్నారాయన. కొడుకు వైపు తిరిగారు. "నువ్వూ నెల నుంచి 'నాన్నా, మీరు' అని మొదలుపెట్టి సగంలో ఆపేస్తున్నావురా. నేనూ కాచుకునే కూర్చున్నాను."

గుండీ మీద కొడుకు చెయ్యి ఆగిపోయింది. అతడు వంగి, బల్ల కింది గింజలు ఒక్కొక్కటీ ఏరి గిన్నెలో వేశాడు. లేచేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నాన్నా, మీరు..." మళ్లీ సగంలో ఆగాడు. కోడలు అతడి వైపు చూసింది గానీ మాట అందించలేదు. "మీరు లేకపోతే ఆ షాపు నడపడం నా వల్ల కాదు. ఆ కుర్చీ మీదే."

మామగారు వైరు ఊడదీసి, స్కానర్‌ని చంకన పెట్టుకున్నారు. మేకుకున్న షాపు తాళాలగుత్తి అందుకున్నారు. చెప్పులు వేసుకుని గడప దాటారు. ఆ చేతిలో తాళాల గలగల వీధి మలుపు దాకా వినిపించింది.