ఇద్దరే మిగిలిన ఇంటిపేరు

"కజ్లౌస్కాస్!" అని పిలిచింది పళ్ళ డాక్టరు వైవా, తలుపు సగం తెరిచి.

బయట కూర్చున్న ఆరుగురిలో నలుగురు లేచి నిలబడ్డారు.

వరేనా ఊళ్ళో ఇది వింతేమీ కాదు. లిథువేనియాలో ఏ సందులో నిలబడి కజ్లౌస్కాస్ అని కేకేసినా ఏదో ఒక కిటికీ తెరుచుకుంటుంది. తలుపుకి దగ్గరగా ఉన్నవాడు ముందుగా లోపలికి నడిచాడు. అతని పేరు తౌత్విదాస్. ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. పాపం, పళ్ళు శుభ్రం చేయించుకుని పోదామని వచ్చాడు.

"నోరు తెరవండి. కొంచెం చురుక్కుమంటుంది" అంది వైవా.

చురుక్కుమన్నాక గానీ అతనికి అనుమానం రాలేదు. శుభ్రం చేయడానికి సూదెందుకని అడగబోయేసరికే దవడ మొద్దుబారిపోయింది. నోట్లోంచి మాటకి బదులు ఏదో బుడబుడమంది. వైవా పట్టకారు అందుకుంది. అతను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"జ్ఞానదంతమే కదండీ, ఇంత భయమెందుకు?"

"ఆ పన్ను నాది డాక్టరుగారూ!" బయట బుగ్గ పట్టుకుని కూర్చున్న ముసలాయన అరిచాడు.

వైవా ముఖం కందగడ్డలా అయింది. "మరి మీరు ఏ కజ్లౌస్కాస్?"

తౌత్విదాస్ ఫోన్ తీసి టైపు చేసి చూపించాడు: "లెక్కల కజ్లౌస్కాస్. పన్ను వదులుకునే ఉద్దేశం లేదు."

వైవా ముందు క్షమాపణ చెప్పింది, తర్వాత నవ్వింది. నవ్వు మొదలయ్యాక ఆపుకోలేకపోయింది. అతను కూడా నవ్వాడు గానీ సగం ముఖమే నవ్వింది. తలుపు మీదున్న ఆమె పేరు పలక చూపించి మళ్ళీ టైపు చేశాడు: "గెయినులిస్‌ల అమ్మాయా? ఈ ఇంటిపేరు ఎప్పుడూ వినలేదే!"

"వినరు. దేశం మొత్తానికి ఇద్దరమే. మా తాతయ్య, నేను."

ఆ చెప్పడంలో గర్వం ఎంతుందో విసుగూ అంతే ఉంది. తౌత్విదాస్ గర్వాన్ని గమనించాడు, ఆమె బుగ్గమీది సొట్టని గమనించాడు, విసుగుని మాత్రం గమనించలేదు. తర్వాత వచ్చిన తిప్పలన్నీ అక్కడినుంచే వచ్చాయి.

తప్పు సూదికి పరిహారంగా ఆ సాయంత్రం వైవా అతనికి కాఫీ ఇప్పించింది. మొద్దుబారిన నోటితో అతను సగం తాగి సగం చొక్కాకి తాగించాడు. చొక్కా ఉతికి ఆరేసేలోపే మళ్ళీ కలిశారు. ఏప్రిల్‌లో కాఫీ, మే నెలలో సైకిళ్ళు. జూలై వచ్చేసరికి ఆదివారాలన్నీ అడవిలో పుట్టగొడుగులకే.

ఒకరోజు బుట్టలు సగం నిండగానే వాన అందుకుంది. ఇద్దరూ ఒక పైన్ చెట్టు కిందికి పరిగెత్తారు. చెట్టు ఒకరికి చాలేంత ఉంది. ఇద్దరూ చాలుతుందనే నిర్ణయించుకున్నారు.

"నీకేం తెలుసు నా బాధ?" అన్నాడు తౌత్విదాస్. "మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు కూడా కజ్లౌస్కాసే. వాడు పిల్లల్ని పరిగెత్తిస్తాడు, వాళ్ళమ్మలొచ్చి నన్ను పరిగెత్తిస్తారు. నా పుట్టినరోజు కేకు పోయిన ఏడాది ఇంకో కజ్లౌస్కాస్ ఎవరో తినేశారు. బాగుందని నాకే ఫోన్ చేసి చెప్పారు!"

వైవా పగలబడి నవ్వింది.

"నీ పేరైతే ఎంత హాయి! పిలిస్తే ఒక్కరే పలుకుతారు."

"నా పేరు తప్ప నాలో ఇంకేం నచ్చలేదా నీకు?"

"నచ్చకేం? పలక మీద ఆ పేరు చివర 'ఇతె' అని, మన దగ్గర పెళ్ళికాని పిల్లలకే తగిలించే తోక ఉంది చూడు, అది ఇంకా నచ్చింది."

ఆమె తడి పుట్టగొడుగొకటి తీసి అతని మీదికి విసిరింది. అప్పుడే పెళ్ళి సంగతి అడిగేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మన లెక్కల మాస్టారు వాన తగ్గాక అడుగుదామనుకున్నాడు. వాన తగ్గాక వచ్చే ఆదివారం అడుగుదామనుకున్నాడు.

ఆ ఆదివారం వైవా అతన్ని తాతగారింటికి భోజనానికి తీసుకెళ్ళింది. అడవి మధ్య పల్లె, పసుపు రంగు చెక్క ఇల్లు, పెరడంతా తేనెటీగల పెట్టెలు. బాల్త్రమేయుస్ తాతకి ఎనభై దాటాయి. పొడుగాటి ముక్కు, అది ఎడమవైపుకి కాస్త వంకర. గొంతు మాత్రం పక్కూరికి వినిపిస్తుంది.

చల్లటి బీట్‌రూట్ సూపు గిన్నెల్లో పోస్తుండగానే ఆయన మొదలుపెట్టాడు. "మా ఇంటిపేరు ఎలా వచ్చిందో తెలుసా అబ్బాయ్? పూర్వం ఈ దేశాన్నేలిన గ్రాండ్ డ్యూక్‌గారు ఈ అడవికి వేటకొచ్చారు. ఎలుగుబంటి తరుముకొచ్చింది. మా మూలపురుషుడు ఒక్క గుద్దు గుద్దాడు..."

"పోయినసారి అడవిపంది అన్నావు తాతయ్యా" అంది వైవా.

"పందిని పొద్దున చంపాడు. ఇది సాయంత్రం."

"తేనెచెట్టు ఎక్కే తాడుని గెయినిస్ అంటారుగా? మనవాళ్ళు తాడేసుకుని పైన్ చెట్లెక్కి తొర్రల్లో తేనె తీసేవాళ్ళు. పేరు అందులోంచే వచ్చిందని అందరూ అంటారు."

"తాడా!" తాత గరిటె బల్లమీద కొట్టాడు. "తాడు పేరు పెట్టుకుని ఎవడైనా ఇంత గౌరవంగా బతుకుతాడా? సరే, అది కాదిప్పుడు. చూడబ్బాయ్, వైవా వాళ్ళ అమ్మా నాన్నా చిన్నవయసులోనే పోయారు. మిగిలింది మేమిద్దరం. మా పిల్లని చేసుకునేవాడు మా ఇంటిపేరు పెట్టుకోవాలి. పోయినేడాది ఒకడొచ్చాడు, బ్యాంకు మేనేజరు. ఆలోచించుకుని చెప్తానన్నాడు. సూపు సగంలో ఉండగానే లేపి పంపేశాను."

"ఇందులో ఆలోచించేదేముంది తాతగారూ!" తౌత్విదాస్ కుర్చీలోంచి లేచాడు. "రేపే పెట్టుకుంటాను!"

తాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచొచ్చి అతన్ని వాటేసుకున్నాడు. ఇద్దరూ ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు.

వైవా చెంచా కింద పెట్టింది. "ఒక్క మాట. ఇంతకీ పెళ్ళికూతురెవరు?"

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు. ఉడికించిన బంగాళాదుంపల మీంచి ఆవిరి పోతోంది.

"మీ ఇద్దరి జోడీ బాగుంది. మీరే చేసుకోండి" అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

సైకిల్ దగ్గర పట్టుకున్నాడు తౌత్విదాస్. "వైవా, ఆగు! నోరు జారాను."

"నువ్వు నన్నెప్పుడైనా అడిగావా?"

"అడుగుదామనే..."

"ఏప్రిల్ నుంచీ నాతో తిరుగుతున్నావు. ప్రేమిస్తున్నానని ఒక్క ముక్క చెప్పలేదు. తాతయ్య ఇంటిపేరు అనగానే రేపే అన్నావు! నీకు కావలసింది నేను కాదు, నా తలుపు మీది పలక. విప్పి ఇస్తాను, తీసుకుపో."

ఆమె వెళ్ళిపోయింది. ఫోన్ ఎత్తడం మానేసింది. పంటినొప్పని క్లినిక్‌కి వెళ్తే నర్సు వచ్చి నోరు చూసి, "ఏ పన్నుకీ ఏ రోగమూ లేదు, వెళ్ళండి" అంది.

ఆ వారమంతా తౌత్విదాస్ తన్ను తాను నిలదీసుకున్నాడు. ఆమె అన్నది అబద్ధమని కొట్టిపారేయడానికి మనసొప్పలేదు. ఆ పేరంటే మోజు నిజమే. కానీ పేరు పోతే పోయిందనుకుంటే భుజాలెగరేయగలిగాడు. వైవా పోయిందనుకుంటే మాత్రం అన్నం సయించలేదు. పుట్టగొడుగు దొరికినప్పుడల్లా ఆమె చిన్నపిల్లలా ఎవరికీ చెప్పొద్దని వేలు పెదవిమీద పెట్టుకోవడం పదేపదే గుర్తొచ్చేది.

తాత మాత్రం రోజూ ఫోన్ చేసేవాడు. "మనవడా! పిల్ల అలిగితే అలిగింది, మన మాట మారదు. ఆగస్టులో మేరీమాత పండగ జోలినెకి మీ పెళ్ళి మాట అందరిముందూ చెప్పేస్తాను. నలుగురిలో నా పరువు తీసే పిల్ల కాదది. ఈలోపు ఆ డ్యూక్‌గారి సంగతికి ఎక్కడైనా ఆధారం దొరుకుతుందేమో వెతుకు. చదువుకున్నవాడివి!"

తౌత్విదాస్ ఇంటర్నెట్లో వంశాలు వెతికేవాళ్ళ గుంపులో ఒక ప్రశ్న పెట్టాడు. మర్నాడే పోలండ్ సరిహద్దు అవతలనుంచి, పున్‌స్క్ నుంచి ఫోనొచ్చింది. అక్కడా లిథువేనియా భాషే, లిథువేనియావాళ్ళే.

"గెయినులిస్‌లు ఇద్దరే మిగిలారన్నది ఎవడయ్యా?" ఫోన్లో గొంతు అచ్చం తాతదిలా మోగింది. "నా పేరు గెదియోనాస్ గెయినులిస్. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు మొత్తం మేమే. బెంచీమీద కూర్చునేవాళ్ళు కూడా!"

తౌత్విదాస్ లెక్క వేసుకున్నాడు. గమ్మున ఉంటే పిల్లా దక్కుతుంది, పేరూ దక్కుతుంది. కానీ ఆ పిల్ల జన్మంతా తనని పలక దొంగ అనుకుంటూనే కాపురం చేస్తుంది. సైకిలెక్కి తిన్నగా తాత దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పేశాడు.

తాత కారాలు మిరియాలు నూరాడు. "పోలండ్‌లో మావాళ్ళా? ఎవరో దొంగపేరు పెట్టుకునుంటారు! రమ్మను, నా ముఖం చూసి చెప్పమను!"

"పిలవమంటారా?"

"పిలువు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. వాళ్ళు నిజంగా మావాళ్ళే అయితే నాకు నీతో పనేంటి? పేరు నిలబెట్టడానికి వాళ్ళున్నారు. అప్పుడు నీకు పిల్లా లేదు, పేరూ లేదు."

తౌత్విదాస్ గేటు బయటికొచ్చి, సైకిలుకి ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఫోన్ తీశాడు. "గెదియోనాస్‌గారూ, జోలినె పండక్కి బస్సు మాట్లాడుకోగలరా?"

పండగరోజు చర్చిలో దీవించిన పూలగుత్తులు పట్టుకుని ఊరు ఊరంతా ఇళ్ళకి తిరిగొస్తోంది. సన్నగా చినుకులు. వైవా ఎర్ర గొడుగు వేసుకుని తాత పక్కన నడుస్తోంది, తౌత్విదాస్‌ని చూడనట్టు నటిస్తూ. తాతగారింటిముందు బస్సు ఆగింది.

ముందుగా దిగినాయనకి పొడుగాటి ముక్కు, అది ఎడమవైపుకి వంకర. వెనక దిగినావిడకీ అదే ముక్కు. ఆ వెనక దిగిన కవలపిల్లలకీ అదే ముక్కు, చిన్న సైజులో. చూస్తున్న ఊరివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ ముక్కు ఎక్కడ కొట్టేశావు?"

"మా తాత దగ్గర. నువ్వో?" అన్నాడు గెదియోనాస్.

కొమ్మలేసిన చెట్టులా కాల్చిన నిలువెత్తు చెట్టుకేకు ఒకటి ఇద్దరు మోసుకుని దిగారు. చూస్తుండగానే పెరట్లో బల్లలు పడ్డాయి, పొగబెట్టిన మాంసం, తేనె, బుక్‌వీట్ పిండి కేకు వచ్చాయి. తాత డ్యూక్ కథ ఎత్తుకున్నాడు. అటువైపు బెంచీలన్నీ గొల్లున నవ్వాయి.

"డ్యూకా! ఎలుగుబంటా!" గెదియోనాస్ కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నదమ్ములిద్దరు. ఇద్దరికీ కలిపి ఒకటే తాడు. ఒకడు చెట్టుపైన ఉండగా రెండోవాడు తేనె, తాడు పట్టుకుని పారిపోయాడు. వాడే మీ వాడు."

"మీ వాడు! పారిపోయేవాడు సరిహద్దు దాటతాడు గానీ ఉన్నచోటే కూర్చుంటాడా?"

"అప్పుడు సరిహద్దే లేదయ్యా!"

"మరి ఆ తాడెక్కడ? తాడు తీసుకురా!"

"నువ్వు తేనె తీసుకురా ముందు!"

ఇద్దరూ లేచి నిలబడి అరుచుకుంటున్నారు. వైవా కంగారుగా పరిగెత్తబోయి ఆగిపోయింది. తాత ముఖం వెలిగిపోతోంది. కొడుకు పోయాక ఆయన ఇంత హుషారుగా ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడటానికి సొంతమనుషులెవరూ లేరు మరి.

ఆమె గొడుగు పట్టుకుని పెరటి మూలకొచ్చింది. తేనెపెట్టెల పక్కన తౌత్విదాస్ ఒక్కడూ తడుస్తున్నాడు.

"వీళ్ళని నువ్వే పిలిచావటగా?"

"అవును."

"వీళ్ళొస్తే నీకు పిల్లా లేదు, పేరూ లేదన్నాడట తాతయ్య."

"అన్నారు."

"అయినా పిలిచావా? బుర్రుందా నీకు?"

"వాళ్ళని దాచిపెట్టి నిన్ను చేసుకుంటే నువ్వు నన్ను నమ్మేదానివి కాదు. ఇప్పుడు ఆ పేరు బస్సెడుంది వైవా. దానికోసం నీ వెంట పడక్కర్లేదు, పున్‌స్క్ పోతే చాలు. నేను పోలేదు." అతను గొడుగు అంచుదాకా వచ్చాడు. "ఏప్రిల్ నుంచీ చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నాను. నిన్ను ప్రేమిస్తున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా? తాతగారిని కాదు, నిన్నే అడుగుతున్నాను."

"ఈ పెరట్లో గెయినులిస్ అమ్మాయిలు పదిమంది దాకా ఉన్నారు. ఎవర్ని?"

"ఎర్ర గొడుగు పట్టుకుని నన్ను తడుస్తుంటే చూస్తోంది చూడు, ఆ రాక్షసిని."

వైవా పెదవులు బిగబట్టింది గానీ బుగ్గమీద సొట్ట మాట వినలేదు. గొడుగు జరిపి అతన్ని కిందికి లాక్కుంది.

అప్పుడే తాత కుర్చీల కోసం అటు వచ్చాడు. ఇద్దర్నీ చూసి నిలబడిపోయాడు.

"తాతగారూ, మీరన్నమాట గుర్తుంది" అన్నాడు తౌత్విదాస్, మనసు చిక్కబట్టుకుని. "పిల్లా లేదు, పేరూ లేదు అన్నారు..."

"పేరు సంగతి వదిలెయ్. దాన్ని చూసుకునేవాళ్ళు బోలెడుమంది, తిండిపోతులు. కేకు అప్పుడే సగమైంది." తాత వంకర ముక్కు చీదుకున్నాడు. గొంతు మొదటిసారి పక్కూరికి వినపడనంత చిన్నదైంది. "నేను పోతే ఈ పేరుతో ఇదొక్కతే మిగిలిపోతుందని భయమురా నాకు. పేరు గురించి భయమనుకున్నాను ఇన్నేళ్ళూ. దీని గురించే." మనవరాలివైపు తిరిగాడు. "ఆ రోజు అడగాల్సింది నిన్ను. ఇప్పుడు అడుగుతున్నా. వీడు కావాలా అమ్మడూ నీకు?"

"కావాలి తాతయ్యా" అంది వైవా.

తౌత్విదాస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాన నీళ్ళేనని బుకాయిద్దామనుకున్నాడు గానీ, గొడుగు కింద ఉన్నాడు.