ఎర్రచుక్క గడి

ఉదయం పదీ పదికి, వీధి నిండా జనం తిరుగుతుండగానే, గడియారాలు బాగుచేసే మనిషిని కాల్చి చంపారు.

కంటికి బిగించుకున్న భూతద్దం కూడా తియ్యలేదతను. షట్టర్ ముందు మోటార్ సైకిల్ ఆగింది. ఇద్దరు. హెల్మెట్లు. ఒకే ఒక్క తూటా. జనం కేకలు పెట్టేలోపే బండి మలుపు తిరిగిపోయింది. సైలెన్సర్ వాడారని, నంబర్ ప్లేటు లేదని పోలీసులు రాసుకుపోయారు.

"నెల రోజుల్లో మూడో చావు," అన్నాడు చీఫ్, ఫొటోలు బల్ల మీద పరుస్తూ. "లిఫ్ట్ మెకానిక్. హోటల్లో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ. ఇప్పుడితను. ముగ్గురూ మన ఇన్ఫార్మర్లే. ముగ్గురూ, వ్యాపారం పేరుతో గూఢచర్యం చేసే ఆ విదేశీ ట్రేడ్ మిషన్ వాళ్ళ గుట్టు మనకి చేరవేసేవాళ్ళే."

ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ పదకొండు. అసలు పేరుతో అతన్ని పిలిచి పన్నెండేళ్ళయింది.

"లీకు ఎక్కడ సార్?"

"అకౌంట్స్ సెక్షన్‌లో."

పదకొండు నవ్వబోయాడు. చీఫ్ మొహం చూసి మానేశాడు.

"రేపట్నుంచి నువ్వక్కడ జూనియర్ అకౌంటెంట్‌వి. నీ సంగతి ఒక్కరికే తెలుసు. కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున ఒక కన్సల్టెంట్ వచ్చింది. పైకి వాళ్ళ మనిషి, లోపల మన మనిషి. రెండేళ్ళ కిందట మనమే ఆ కంపెనీలో దూర్చాం. నువ్వు 'ఈ నెల పుస్తకాలు ఎప్పుడు మూస్తారు?' అని అడుగు. 'వానలు తగ్గాక' అంటుంది."

"ఆయుధం?"

"నీ పిస్తోలు స్టోర్స్‌లో ఇచ్చెయ్. ఫిక్స్‌డ్ అసెట్ కింద దానికి నంబర్ పడాలి. పడేదాకా ఎవరూ వాడకూడదని కొత్త రూలు."

కదిలే రైలు మీద నుంచి రెండుసార్లు దూకినవాడు, ఒక సరిహద్దు గొర్రెల మంద మధ్య నడిచి దాటినవాడు, మర్నాడు పక్క పాపిడి తీసి, పొట్టి చేతుల చొక్కా వేసి, భోజనం డబ్బా పట్టుకుని రెండో అంతస్తు ఎక్కాడు. గుమ్మం మీద ఏదో ఎగుమతుల కంపెనీ బోర్డు. లోపల ఆరు టేబుళ్ళు, ఆరు కంప్యూటర్లు. ప్రతి కంప్యూటర్ అంచునా పాస్‌వర్డ్‌లు రాసి అంటించిన పసుపు చీటీలు. దేశ రహస్యాలు దాచే ఆఫీసు మరి!

పెద్ద గుమాస్తా గారు కుర్చీ చూపించాడు. మరో రెండేళ్ళలో రిటైరవుతాడాయన. మాట్లాడేటప్పుడు వేళ్ళు గాల్లో కూడికలు చేస్తుంటాయి.

"పూర్వం ఒకటే నోటుబుక్కు బాబూ. మారుపేరు, వేలిముద్ర, మొత్తం. కవర్లో డబ్బు పెట్టి పై ఆఫీసుకి పంపేవాణ్ణి. ముప్పై ఏళ్ళు నడిచింది. ఒక్కడి ఇల్లు ఎక్కడో నాకు తెలీదు. తెలుసుకోకపోవడమే నా ఉద్యోగం అనుకునేవాణ్ణి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు అందరూ వెండర్లే. సిమెంటు అమ్మేవాడూ వెండరే, ప్రాణాలొడ్డి కబురు తెచ్చేవాడూ వెండరే. ముప్పై రెండు గడులు నింపాలి. ఎర్రచుక్క ఉన్న గడి ఖాళీగా వదిలితే ముందుకు పోదు."

పదకొండింటికి కన్సల్టెంట్ వచ్చింది. ఆమెకంటే ముందు ఆమె సెంటు వచ్చింది. నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, ఆరు టేబుళ్ళ వాళ్ళనీ ఒకే చిరునవ్వుతో సరిపెట్టింది.

"మేడమ్, ఈ నెల పుస్తకాలు ఎప్పుడు మూస్తారు?"

"వానలు తగ్గాక," అని, వంగి చెవిలో, "ఏ సాయం కావాలన్నా అడగండి పదకొండు గారూ," అంది. అతని చెవి వేడెక్కింది. నిజం చెప్పాలంటే అతనికి ఆమె నచ్చింది కూడా.

మధ్యాహ్నం టైలరక్క ఫోన్ చేసింది. ట్రేడ్ మిషన్ కిటికీ తెరలన్నీ ఆమే కుడుతుంది. అంచుల మడతల్లో పెట్టి ఆమె బయటికి తెచ్చిన కాగితం ముక్కలు ఒక మంత్రిగారి హత్యని ఆపాయి. ఆ సంగతి ఆమెకి తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆమెని ఈ పనిలోకి దించింది పదకొండే.

"తమ్ముడూ, మా వీధి చివర గడియారాలాయన్ని చంపేశారు. నువ్వు ఆయన దగ్గరా ఆగేవాడివి. నేను చూశాను."

పదకొండు ఫోన్ పట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"నేనేం అడగను. మూడు నెలల డబ్బు ఇవ్వాలి నువ్వు. అది ఇచ్చెయ్, పిల్లని తీసుకుని ఈ ఊరొదిలేస్తాను. అదిస్తే గానీ కదల్లేను. అద్దె బాకీ ఉంది, ఇంటాయన సామాను కదలనివ్వడు."

"రెండు రోజులక్కా."

"నువ్వు రెండు రోజులంటే నాకు భయం తమ్ముడూ. పోయిన నెలా అదే అన్నావు."

జేబులోంచి ఇద్దామంటే అతని జీతం కూడా రెండు నెలలుగా అదే సాఫ్ట్‌వేర్‌లో ఇరుక్కుంది. ఆ సాయంత్రమే ఆమె పేరిట వెండర్ ఫారం తెరిచాడు.

మారుపేరు రాశాడు. తీసుకుంది. వృత్తి అడిగింది. జాబితాలో హార్డ్‌వేర్ ఉంది, రవాణా ఉంది, సలహా సేవలు ఉన్నాయి. కుట్టుపని లేదు. 'ఇతరములు' నొక్కితే, కనీసం యాభై అక్షరాల్లో వివరించమంది. వివరించాడు. అంతలో సెషన్ ముగిసిందని మొదటికి తెచ్చి కూర్చోబెట్టింది.

రెండో రోజు చిరునామా దగ్గర ఆగాడు. దొంగ చిరునామాలు పుట్టించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. సినిమా హాలు చిరునామా ఇచ్చాడు. 'సరిపోలలేదు' అంది. మూతపడిన మిల్లుది ఇచ్చాడు. సరిపోలలేదు. తను అద్దెకున్న ఇంటిదే ఇచ్చాడు. ఈ చిరునామాలో వేరొక ఉద్యోగి ఉన్నాడంది. అరికాలి మంట నెత్తికెక్కి కీబోర్డు ఎత్తి కొట్టబోయాడు. దానికీ అసెట్ నంబర్ ఉందని గుమాస్తా గారు చెయ్యి పట్టుకున్నాడు.

కన్సల్టెంట్ గదికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు. ఆమె జాలిగా నవ్వింది.

"సిస్టమ్‌కి అబద్ధాలు నచ్చవండీ. నిజం రాసి చూడండి. చిరునామా నా ఒక్కదానికే కనిపిస్తుంది. భయమెందుకు?"

మూడో రోజు మధ్యాహ్నం దాకా అక్క తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. పదోసారి ఏడ్చింది. వాళ్ళ వీధిలో ఎవరో ఇల్లిల్లూ తిరిగి కుట్టుమిషన్లున్నవాళ్ళ లెక్క అడుగుతున్నారట. మూడూ నలభైకి, తల ప్రాణం తోకకొచ్చి, పదకొండు ఆ ఎర్రచుక్క గడిలో ఆమె అసలు చిరునామా టైపు చేశాడు. ఇంటి నంబర్, అంతస్తు, మెట్ల పక్క గది. శత్రువులు గోళ్ళు పీకినా చెప్పనివాడు, ఒక గడి నిండడం కోసం చెప్పేశాడు.

'ధన్యవాదాలు! మీ వెండర్ ధ్రువీకరణకు పంపబడింది.'

"అమ్మయ్య," అన్నాడు. "డబ్బెప్పుడొస్తుంది గుమాస్తా గారూ?"

"నాలుగింటికి మేడమ్ ఆ రోజు ఎంట్రీలన్నీ తెరిచి చూస్తారు. వాళ్ళ కంపెనీ మనుషులు ఇంటికెళ్ళి చిరునామా సరిచూస్తారట. గడియారాలాయనది సోమవారం పంపాను. మంగళవారానికి..."

ఆయన వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.

మంగళవారమే గడియారాలాయన చచ్చిపోయాడు.

"లిఫ్ట్ మెకానిక్‌ది ఎప్పుడు పంపారు?" అడిగాడు పదకొండు.

"పోయిన నెల మూడు. నాలుగున పోయాడు. ఇస్త్రీ ఆవిడది పద్దెనిమిదిన పంపితే పంతొమ్మిదిన... బాబూ, దొంగ చిరునామాలు తీసుకోవడం లేదని నేనే పై ఆఫీసులో అడిగి అసలువి రాశాను. నా చేత్తో రాశాను." ముసలాయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివంకే చూస్తూ ఏడ్చాడు.

టైము మూడూ నలభై ఎనిమిది. పదకొండు అక్కకి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. కుట్టుమిషన్ చప్పుడులో ఆమెకి వినపడదు. ఇల్లు గంట ప్రయాణం. ఎంట్రీ తుడిచెయ్యబోయాడు. 'భద్రపరిచిన వెండర్‌ను తొలగించలేరు. కన్సల్టెంట్‌ను సంప్రదించండి.' చీఫ్‌కి ఫోన్ కలిపాడు.

"ఆవిడ మన మనిషి," అన్నాడు చీఫ్. "తేదీలు కాదు, ఆధారం పట్టుకురా."

"సార్, పది నిమిషాల్లో..."

లైను కట్టయింది.

గుమాస్తా గారు కళ్ళు తుడుచుకుని కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఒక దారుంది. ఒకరు తెరిచిన ఎంట్రీ ఇంకొకరికి తెరుచుకోదు. 'వేరొకరు వాడుతున్నారు' అంటుంది. నేను ఎంట్రీ తెరిచి భోజనానికి పోతే ఆఫీసంతా నన్ను తిట్టిపోసేది అందుకే. ఇది నేను తెరిచి పట్టుకుంటాను. ఆవిడ అక్కడ చూడలేకపోతే..."

"ఇక్కడికి రావాలి," అన్నాడు పదకొండు. అతని మొహంలో మూడు రోజుల తర్వాత ప్రాణం వచ్చింది. మిగతా నలుగుర్నీ టీ తాగి రమ్మని పంపేశాడు. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ప్రింటర్ వెనక పెట్టాడు. స్టీలు బీరువా చాటుకి చేరాడు. చేతికి దొరికింది కాగితాలకి చిల్లులు పొడిచే పంచింగ్ మెషిన్ ఒక్కటే.

నాలుగూ మూడు నిమిషాలకి తలుపు తెరుచుకుంది.

"గుమాస్తా గారూ, ఒక ఎంట్రీ మీ దగ్గర లాకై ఉంది. మూసెయ్యండి."

"ఒక్క కామా పెట్టాలమ్మా."

"పర్లేదు, మూసెయ్యండి."

"ఫుల్ స్టాప్ కూడా పెట్టాలి."

సెంటు వాసన దగ్గరికొచ్చింది. చప్పుడు లేకుండా సైలెన్సర్ పిస్తోలు ముసలాయన కణత మీద ఆనింది. "రెండో పేజీ తెరవండి. చిరునామా నాకు కనపడాలి."

"ఆ ముగ్గుర్నీ ఇలాగే చంపించావా అమ్మా?"

"వాళ్ళ ఇళ్ళు నేను వెతకలేదే! మీరే ఇచ్చారు, చక్కగా టైపు చేసి. మా వాళ్ళు కింద బండి మీద ఎదురు చూస్తున్నారు. మూడు లెక్కపెడతాను. ఒకటి."

ముసలాయన మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"రెండు."

"లెక్కలు తప్పని వాణ్ణని పేరు నాకు," అన్నాడాయన, కళ్ళు మూసుకుని. "ముగ్గురు మనుషుల లెక్క తప్పాను. ఇంక చాలు. కాల్చుకో."

ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంది. పంచింగ్ మెషిన్ గాల్లో గిర్రున తిరిగి ఆమె మణికట్టుని విరగ్గొట్టింది. తూటా సీలింగులోకి పోయింది. పదకొండు ఒక్క దూకున ఆమెని నేలకి అదిమి, ప్రింటర్ వైరుతో చేతులు కట్టేశాడు.

"పుస్తకాలు ఇప్పుడు మూస్తున్నాం మేడమ్," అన్నాడు.

పావుగంటలో కింద వీధిలో హెల్మెట్ల ఇద్దరూ దొరికారు. సాయంత్రానికి ట్రేడ్ మిషన్ ముఠా మొత్తం దొరికింది. చీఫ్ భుజం తట్టాడు. ఆధారం బాగుందన్నాడు. మర్నాడు ఉదయం సర్క్యులర్ వచ్చింది: అయిదేళ్ళ కాంట్రాక్టుకి సొమ్ము ముందే చెల్లించినందున సాఫ్ట్‌వేర్ కొనసాగుతుంది; కొత్త కన్సల్టెంట్ సోమవారం వస్తారు.

"సోమవారంలోగా అక్క ఎంట్రీ మూసెయ్యాలి," అన్నాడు పదకొండు. "ఇంకొకరి కంటపడకూడదు."

గుమాస్తా గారు మేడమ్ కంప్యూటర్ తెరిచి 'మూసివేతకు కారణం' నొక్కాడు. మూడే ఉన్నాయి. వ్యాపారం మూతపడిందంటే సర్టిఫికెట్ అడిగింది. మోసమంటే విచారణ అంది. మరణం అంటే ఏమీ అడగలేదు. నొక్కాడు. వెంటనే ఇంకో వాక్యం వచ్చింది: 'అప్రూవ్ కాని బకాయిలు రద్దు చేయబడ్డాయి.'

బస్‌స్టాండులో అక్క చేతిలో పదకొండు ఒక కవర్ పెట్టాడు. అందులో గుమాస్తా గారి అప్పు ఉంది, తన స్కూటర్ అమ్మిన డబ్బు ఉంది. పక్కన ఆమె కూతురు కుట్టుమిషన్ తలకాయని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్క లెక్కపెట్టింది.

"ఇది రెండు నెలలదే."

"ఆఫీసులో రాదక్కా. అక్కడ నువ్వు చచ్చిపోయావు."

ఆమె కవర్ సంచిలో దోపుకుని మొహం తిప్పుకుంది. కోపమో, నవ్వో అతనికి తెలియలేదు.

"పోన్లే. ఆ గడియారాలాయన భార్యకైనా ఇవ్వండి. ఆయన నిజంగానే పోయాడు కదా, ఆయన లెక్కన్నా తేల్చారా?"

బస్సు కదిలింది. ఆ ముగ్గురి డబ్బూ చావుకి ముందే అప్రూవ్ అయింది. రసీదు మీద వాళ్ళ సంతకం పడేదాకా మూసెయ్యడానికి వీల్లేదంటూ, సాఫ్ట్‌వేర్ ఆ ముగ్గుర్నీ ఇంకా 'యాక్టివ్' అనే చూపిస్తోంది.