వెలుతురు బావిలో రెండు పిల్లులు

మా ఇస్నా ఊళ్ళో, పాత నూనె గానుగ వెనక సందులో ఒక మూడంతస్తుల ఇల్లుంది. ఆ ఇంటి నడిమధ్య నేల నుంచి మిద్దె దాకా నిలువునా ఒక ఖాళీ వదిలారు. గాలీ వెలుతురూ రావాలని కట్టినవాడి ఉద్దేశం. మేం దాన్ని వెలుతురు బావి అంటాం. అందులో వెలుతురూ లేదు, నీళ్ళూ లేవు. వంటింటి కిటికీలన్నీ అందులోకే తెరుచుకుంటాయి గనక అడుగున ఉల్లిపొట్టూ, తీగ మీంచి జారిపడితే ఎవరూ దిగి తెచ్చుకోని లోపలి బట్టలూ ఉంటాయి. ఇంకా... ఆ ఏడుపు.

రాత్రి ఆఖరి నమాజు అయ్యాక మొదలవుతుంది. ఒకసారి పసిపిల్ల ఏడ్చినట్టు ఉంటుంది. ఇంకోసారి ముసల్ది మూలిగినట్టు. పూర్వం ఒక బాలింత అందులో పడి చచ్చిందని కొందరంటారు. పడలేదు, తోశారని ఇంకొందరు. ఆవిడ పేరేంటయ్యా అంటే మాత్రం ఒక్కడికీ తెలీదు. పేరు లేకపోయినా ఆ దెయ్యం ఇంటద్దెని సగానికి దించింది. బతికున్న ఏ నాయకుడూ మా ఊరికి అంత మేలు చెయ్యలేదు.

సగం అద్దెకి ఇల్లు దొరుకుతుందంటే, దెయ్యాల్ని నమ్మని మేధావి ఎక్కణ్ణుంచో ఊడిపడతాడు. మాకు ఊడిపడినవాడు దర్దీర్. జననమరణాలు రాసే ఆఫీసులో గుమస్తా. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. సందంతా అతన్ని ఎఫెండి, అంటే దొరగారు, అని పిలిచేది. గౌరవంతో అనుకునేవాడు పాపం.

నా పేరు బఖీత్. వడ్రంగిని. కిటికీలకి తలుపులూ వలలూ బిగిస్తాను. ఈ కథలో సగం ఎఫెండి నాకు చెప్పింది, పావు వాళ్ళావిడ ఫౌకియా చెప్పింది. మిగతా పావు నా చెవులతో నేను విన్నాను. ఆ పావు వల్లే ఈమధ్య నేను పిల్లి ఎదురైతే సలాం చెప్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ఎఫెండికి ఏడేళ్ళ కవల ఆడపిల్లలు. నవ్వారా, సమారా. దిగిన వారానికే ఆ ఇంటికి ఇంకో జంట కూడా వచ్చి చేరింది. ఒక బూడిదరంగు పిల్లి, ఒక పసుపు పిల్లి. బావి గోడ వెంట పైపు పట్టుకుని ఎక్కి వంటింటి కిటికీలోంచి దిగేవి.

అవి చెయ్యని అఘాయిత్యం లేదు. పెనం మీంచి చేపని పెనం కాలుతుండగానే లాక్కుపోయాయి. ఉప్పులో ఏడాదిగా ఊరుతున్న జున్ను జాడీని దొర్లించాయి. ఆ కంపుకి పై అంతస్తు వాళ్ళు దెయ్యం చచ్చిందనుకున్నారు. ఎఫెండి ఇస్త్రీ చొక్కా మీద తప్ప వాటికి నిద్ర పట్టేది కాదు.

ఆయన చదువుకున్నవాడు గనక శాస్త్రీయంగా పోరాడాడు. కిటికీ గట్టు మీద నిమ్మతొక్కలు పెట్టాడు. పిల్లులు వాటితో బంతాట ఆడాయి. మిరప్పొడి చల్లాడు. గాలికి అది లోపలికొచ్చి ఎఫెండి రెండ్రోజులు ఏడ్చాడు. సీసాల్లో నీళ్ళు నింపి వరసగా నిలబెడితే పిల్లులు జడుస్తాయని ఆఫీసులో ఎవరో చెప్పారట. అవి ఒక్కో సీసానీ పంజాతో తోసి, బావిలో పడే చప్పుడు శ్రద్ధగా విన్నాయి. రొట్టెల బుట్టని దూలానికి వేలాడదీస్తే ఒకటి ఊయల ఊగింది, రెండోది ఊపింది.

ఆఖరికి బాతు దగ్గర తెగింది. ఎఫెండి అత్తగారు షాజ్లియమ్మ పల్లెటూరి నుంచి వస్తోందని ఫౌకియా బాతు వండి, మూత పెట్టి, మూత మీద రుబ్బురాయి పెట్టింది. నమాజు చేసి వచ్చేసరికి రాయి ఉంది, మూత ఉంది. బాతు లేదు.

ఎఫెండి నన్ను పిలిపించాడు. "ఉస్తాదూ, చీమ కూడా దూరకూడదు," అన్నాడు.

"చీమ సంగతి నాకొదిలెయ్యండి ఎఫెండీ. కానీ ఇంట్లో కవలలున్నారుగా, మీ అత్తగారిని ఒకమాట అడిగితే..."

"ఈ కాలంలో కూడా ఇలాంటి మాటలేనా బఖీత్?" అని నా చదువుని తలుచుకుని జాలిపడ్డాడు.

మనకెందుకులే అనుకున్నాను. వంటింటి కిటికీకి, స్నానాలగది కంతకి ఇనపవల పరిచి, నాలుగంగుళాల మేకులు దిగ్గొట్టాను. పొద్దు వాలేలోగా పని అయిపోయింది. ఎండలో ఆడి అలిసి పడుకున్న పిల్లలిద్దరూ నా సుత్తి మోతకి కూడా లేవలేదు.

నేను మెట్లు దిగుతుంటే షాజ్లియమ్మ మెట్లెక్కుతోంది. తర్వాత జరిగింది ఫౌకియా చెప్పింది.

ముసలావిడ వంటింట్లోకి వస్తూనే వలని చూసింది. "ఈ కిటికీ ఎందుకు మూశావు అల్లుడూ?"

"పిల్లులత్తయ్యా."

"ఇంట్లో కవలల్ని పెట్టుకుని?"

మా వైపు ఊయల్లో పిల్లక్కూడా తెలిసిన సంగతే. కవలలు నిద్రపోతే వాళ్ళ ప్రాణం పిల్లిలో దూరి ఊరు తిరుగుతుంది. అందుకే రాత్రిపూట పిల్లిని కొట్టం. తెల్లారేలోగా అది వెళ్ళిన దారినే తిరిగి రావాలి. ప్రాణం బయటుండగా ఒంటిని కదపకూడదు. దారి మూసుకుపోతే... ఆ మాట ఎవరూ పూర్తి చెయ్యరు. దీనికి మందొకటే. పుట్టిన ఏడోనాడు ఇద్దరి నోట్లో ఒంటె పాలు పొయ్యాలి. పోస్తే ప్రాణం ఇంటిపట్టున ఉంటుంది.

షాజ్లియమ్మ తనే నవ్వేసింది. "సర్లే, మన పిల్లలకేం భయం. ఏడోనాడు దర్దీర్ స్వయంగా దరావ్ ఒంటెల సంతకెళ్ళి పాలు తెచ్చాడు. తండ్రంటే అలా ఉండాలి."

ఎఫెండికి టీ పొలమారింది. ఫౌకియా వీపు నిమిరింది.

ఆ రాత్రి అవి వచ్చాయి.

రెండూ వలకి అవతల, గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నాయి. మొదట గోకాయి. తర్వాత ఏడుపు మొదలుపెట్టాయి... అన్నం కోసం ఏడిచే ఏడుపు కాదది. ఇన్నాళ్ళూ సందంతా చెవులు మూసుకున్న ఆ ఏడుపే. ఎఫెండి దీపం పట్టుకుని వెళ్ళాడు. అవి అతని వంక చూడలేదు. అతని భుజం మీదుగా, పిల్లలు పడుకున్న గది వంక చూస్తున్నాయి.

అతను పిల్లల గదిలోకి వెళ్ళాడు. "నవ్వారా..." అన్నాడు నెమ్మదిగా.

పలకలేదు.

"సమారా..."

ఊహూ. అరికాళ్ళు ముట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. రోజంతా మేడ మీద ఎండలో గంతులేసిన పిల్లలు బండరాళ్ళలా నిద్రపోరా అని మీరంటారు. నేనూ అంటాను. పగలైతే ఎఫెండీ అనేవాడు. చెయ్యి వేసి లేపుదామని వంగాడు. వెనక చీకట్లోంచి గుసగుస వినిపించింది.

"కదపకు."

షాజ్లియమ్మ తలుపు దగ్గర జపమాల పట్టుకుని కూర్చుంది. "ఒంటె పాలు తాగిన పిల్లలే అనుకో. అయినా కదపకు. ఆచారం ఆచారమే."

"తలుపు తీసి ఆ పిల్లుల్ని రానిస్తే, అత్తయ్యా?"

"వెళ్ళిన దారినే రావాలి నాయనా. అయినా నీకెందుకింత కంగారు? పాలు తెచ్చింది నువ్వే కదా?"

ఎఫెండి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. వల పీకుదామంటే ఆ ఇంట్లో ఉన్న పనిముట్లు రెండు పెన్నులూ, ఒక రబ్బరు స్టాంపూ. వేళ్ళతో లాగాడు. గోళ్ళు విరిగాయి గానీ నా మేకు ఒక్కటీ కదల్లేదు. నా పని గురించి నేను చెప్పుకోకూడదు.

అర్ధరాత్రి నా తలుపు కొట్టాడు. చెప్పుల్లేవు, వేళ్ళ వెంట రక్తం. నా గుమ్మం మెట్టు మీద కూలబడి, నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అన్నాడు.

"బఖీత్... అవి ఒంటె పాలు కావు."

"ఏవి?"

"ఏడోనాడు పట్టినవి. దరావ్ ఎవడు వెళ్తాడు, రైలు కిక్కిరిసిపోయింది. స్టేషన్ పక్క కాఫీకొట్లో సాయంత్రం దాకా పాచికలాడి... పక్కింటామె దగ్గర మేక పాలు పోయించుకుని పట్టుకెళ్ళాను. ఫౌకియాకి కూడా తెలీదు. ఎవరికీ తెలీదు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఏడేళ్ళు హాయిగా బతికాడన్నమాట. నాకు నవ్వొచ్చింది. అతని మొహం చూసి నవ్వలేదు. "నా పిల్లలు బఖీత్... నేనే గెంటేశాను వాళ్ళని బయటికి," అన్నాడు.

అప్పుడు చూశాను. ఎదురుగా గోడ మీద రెండు పిల్లులు. ఒకటి బూడిదరంగు, ఒకటి పసుపు. తోకలు కాళ్ళకి చుట్టుకుని, కచేరీలో సాక్షుల్లా మా మాటలు వింటూ కూర్చున్నాయి.

"నా వెనకాలే వచ్చాయి," అన్నాడు ఎఫెండి.

నాకెందుకో ఒళ్ళు మండింది. భయానికి మా ఇంట్లో అదే పేరు. చెప్పు తీసి గట్టిగా విసిరాను. అది గోడ దాటి గానుగ వాళ్ళ దొడ్లో పడింది. పిల్లులు లేచి, ఒళ్ళు విరుచుకుని, నెమ్మదిగా దిగి వెళ్ళిపోయాయి.

పటకారు తీసుకుని, ఒంటి చెప్పుతో పరిగెత్తాను. మేం వెళ్ళేసరికి రెండూ మళ్ళీ వంటింటి గట్టు మీదే ఉన్నాయి. మేకులు ఒక్కొక్కటే ఊడదీశాను. వల ఇంకా సగం వేలాడుతుండగానే అవి నా చేతుల కిందుగా దూరి, వంటిల్లు దాటి, షాజ్లియమ్మ కాళ్ళ పక్కనుంచి, సరాసరి పిల్లల గదిలోకి వెళ్ళి... మంచం కిందికి మాయమయ్యాయి.

నేను ఆ వేలాడే వలని వదిలేసి వాటి వెనకే వెళ్ళాను.

నవ్వారా కళ్ళు తెరిచింది. "నాన్నా... దాహం," అంది. ఆ వెంటనే సమారా లేచి కూర్చుంది.

ఎఫెండి ఇద్దర్నీ వాటేసుకుని, దెయ్యాల్ని నమ్మని ఆ మేధావి, భోరున ఏడ్చాడు. షాజ్లియమ్మ అతన్నే చూస్తూ జపమాల తిప్పుతోంది.

అప్పుడు మంచం కింద ఏదో కదిలింది. సన్నగా, కీచుమని... ఒకటి కాదు, నాలుగు గొంతులు.

నేనే వంగి దీపం పెట్టాను. ఎఫెండి పెళ్ళి కోటు దాచుకున్న అట్టపెట్టెలో, ఆ కోటు మీదే, నాలుగు పిల్లికూనలు. బూడిదరంగుది వాటికి పాలిస్తోంది. పసుపుది పక్కన కూర్చుని నన్ను ఉరిమి చూస్తోంది.

"బావిలో చలేస్తుందని తెచ్చాం," అంది సమారా తల వంచుకుని.

అదీ సంగతి. బాలింత దెయ్యమంటే ఇదే. తల్లిని బయట పెట్టి, పిల్లల్ని లోపల పెట్టి నేను మేకులు కొట్టాను. అది ఏడవక పాడుతుందా? ఫౌకియా నవ్వి నవ్వి గోడకి చేరగిలబడింది. షాజ్లియమ్మ అల్లుడి తల నిమిరి, "ఒంటె పాలు తాగిన పిల్లలకి అంత భయపడ్డావేంటయ్యా?" అంది. ఎఫెండి నా వంక చూశాడు. నేను దూలం వంక చూశాను.

నాలుగు రోజుల తర్వాత, కూనల్ని మేడ మీద బుట్టలోకి మార్చాక, వల మళ్ళీ బిగించమని కబురొచ్చింది. వెళ్తే ఎఫెండి లేడు. ఆఫీసు పని మీద రైల్లో వెళ్ళారంది ఫౌకియా. ఏ ఊరో చెప్పలేదటగానీ ఖాళీ సీసా ఒకటి పట్టుకెళ్ళాడట. జననమరణాల ఆఫీసుకి సీసాతో ఏం పనో మీరే ఆలోచించుకోండి.

నేను కిటికీ దగ్గర స్టూలెక్కాను. షాజ్లియమ్మ పక్క గదిలో కునుకు తీస్తోంది. పిల్లలిద్దరూ నాకు మేకులందిస్తూ నిలబడ్డారు.

"బాబాయ్," అంది నవ్వారా, చెవి దగ్గరికి రమ్మని సైగ చేసి. వంగాను.

"మేక పాల సంగతి మా అమ్మమ్మకి చెప్పకేం? నాన్నని తిడుతుంది."

నా చేతిలో సుత్తి ఆగిపోయింది. ఎఫెండే నోరు జారుంటాడులే అనుకున్నాను. ఏడేళ్ళు దాచినవాడు నాలుగు రోజులు దాచలేకపోయాడన్నమాట.

"నాన్న చెప్పాడా తల్లీ?"

"మాకెందుకు చెప్తాడు? నీకేగా చెప్పాడు, మీ గుమ్మం దగ్గర."

నేను స్టూలు దిగాను. సమారా మేకుల డబ్బాలోంచి తలెత్తకుండా, పెద్దమనసుతో నన్ను క్షమించినట్టు అంది.

"నీ చెప్పు నాకు తగల్లేదులే బాబాయ్."