ఆయా అన్నం తినే వేళ

ఆ ఉదయం డిటెక్టివమ్మ ఆఫీసుకు వచ్చిన అమ్మాయి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఏడాది నిండని బాబును చంకలో పెట్టుకుని, రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. అందులో నలిగిన పసుపు పూరేకులు ఉన్నాయి.

"రోజూ సాయంత్రం ఇవి మా బాబు జుట్టులో దొరుకుతున్నాయండి. మా ఇంట్లో పూలచెట్టే లేదు," అంది.

ఆమెది బ్యాంకులో ఉద్యోగం. భర్త ఓడలో పనిచేస్తాడు, నెలల తరబడి ఇంటికి రాడు. ఇంట్లో ఉన్నది మామగారు. కిందటేడు ఆయన కళ్లు తిరిగి పడిపోయారు. అప్పటినుంచీ ఆమెకు భయం. బాబు పుట్టగానే ఎత్తుకోవద్దని చెప్పింది, ఆయన సరేనన్నారు. ఆయాను పెట్టుకునేటప్పుడు షరతులన్నీ ముందే మాట్లాడుకున్నారు. బాబు గేటు దాటకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఆయా అడిగింది ఒక్కటే, మధ్యాహ్నం కుదురుగా కూర్చుని నాలుగు మెతుకులు తిననివ్వాలని. దానికి ఆమె ఒప్పుకుంది.

ఇప్పుడు ఆయా బాబును ఎవరికో చూపిస్తోందని, ఏదో ఒకరోజు వాళ్లు ఎత్తుకుపోతారని ఆమె హడలిపోతోంది. అడిగితే ఆయా నోరు విప్పదట. ఇవాళే మాన్పించేద్దామనుకుంటోంది.

డిటెక్టివమ్మ అసిస్టెంటు రిటైరైన టైపిస్టు. వయసులో పెద్దవాడే అయినా, ఆవిడ ఎండ కాస్తోందన్నా అబ్బురపడే రకం. బాబును కాసేపు ఎత్తుకోమంటే ఎత్తుకున్నాడు. బాబు తిన్నగా అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టి కలం లాగి పారేశాడు. అక్కడితో ఊరుకోక ఖాళీ జేబులో ఇంకా ఏదో దేవులాడాడు.

"ఇంట్లో మీరుగానీ ఆయాగానీ జేబున్న బట్టలు వేసుకుంటారా?" అని అడిగింది డిటెక్టివమ్మ.

"ఇద్దరం చీరలేనండి."

"అయితే పదండి మీ ఇంటికి."

ఆ వీధి మొదట్లో ఒక చెట్టు కింద సిమెంటు బల్ల ఉంది. దాని మీద పసుపు పూలు రాలి ఉన్నాయి. ఇంట్లో ఆయా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, బాబుకు తన వల్ల ఏ కీడూ జరగలేదని, మిగతాది చెప్పనని మాటిచ్చానని అంది. ఎవరికి ఇచ్చావంటే తల దించుకుంది. హాల్లో మామగారు చొక్కా జేబులోంచి కళ్లజోడు పెట్టె తీశారు, మళ్లీ లోపల పెట్టుకున్నారు. డిటెక్టివమ్మ అందర్నీ కూర్చోమంది.

"షరతులు బాగానే పెట్టారమ్మా. ఒక్కటి మర్చిపోయారు. ఆవిడ అన్నం తినేటప్పుడు బాబు ఎవరి చేతుల్లో ఉండాలి?"

ఆ అమ్మాయి ఆయా వైపు తిరిగింది.

"ఎత్తుకోగానే బాబు జేబు వెతుకుతున్నాడు. అంటే జేబున్న మనిషి ఒళ్లో కూర్చోవడం అలవాటైంది. ఈ ఇంట్లో జేబు ఒక్కరికే ఉంది."

మామగారు లేచి నిలబడ్డారు. "తప్పు నాదేనమ్మా. ఆవిడ ముద్ద ఎత్తేసరికి వీడు ఏడుపు లంకించుకునేవాడు. చూస్తూ కూర్చోలేకపోయాను. వీధిలో బండ్లు చూస్తే ఊరుకుంటాడని చెట్టు కింద బల్ల మీద కూర్చునేవాణ్ని. ఆవిడే తెచ్చి ఒళ్లో పెట్టి, పక్కనే కూర్చుని తినేది. నువ్వు కంగారుపడతావని నేనే చెప్పొద్దన్నాను."

ఆ అమ్మాయికి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఆయా చెయ్యి పట్టుకుంది. "పని పోతుందని తెలిసి కూడా మాట తప్పలేదు. నా బిడ్డ నీలాంటిదాని చేతుల్లో ఉన్నందుకు నేను దణ్ణం పెట్టుకోవాలి అక్కా. నేనేమో నిన్ను దొంగను చేశాను," అంది. ఆయా ఆమె కళ్లు తుడిచింది.

తర్వాత ఆ అమ్మాయి బాబును మామగారికి అందించబోయింది. "ఇకనుంచి అక్క భోజనం వేళ వీడు మీ దగ్గరే ఉండాలి. ఇదీ షరతే."

మామగారు తొందరపడలేదు. ముందు కుర్చీలో కూర్చున్నారు. వీపు వెనక్కి ఆనించుకున్నారు. అప్పుడు చేతులు చాపారు. రోజూ ఆయన ఎంత జాగ్రత్తగా ఉండేవారో కోడలికి అర్థమైంది.

బాబు చెయ్యి తిన్నగా జేబులోకి పోయింది. ఈసారి వాడు వెతికేది దొరికింది. ఆయా లోపలికి వెళ్లి కంచం పెట్టుకుంది.