పిడికెడు బియ్యపు కుండ

ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, సుక్కమ్మ వంటింటి తలుపు వెనక ఉన్న కుండలో చెయ్యి పెట్టింది. చేతికి అడుగే తగిలింది.

“బాలరాజూ! గీ కుండల బియ్యం ఏమైనయ్‌రా?”

కొడుకు అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ప్లాట్లు చూపించి కమీషన్ తీసుకుంటాడు. భూముల రేట్లు పెరిగిన దగ్గర్నుంచీ చొక్కాలకు ఇస్త్రీ పెరిగింది గానీ, ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో అతనికేం తెలుసు?

తెలిసింది కోడలు మంజులకే. మహేశ్వరం పిల్ల. బోనం ఎత్తే హిందూ ఇంట్లో పుట్టింది. బాలరాజ్‌ను ఇష్టపడి పెళ్లి చేసుకుని నాలుగు నెలలైంది. రాత్రి నానబోసిన గిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది.

“సన్నయి, దొడ్డయి కలిసున్నయ్ అత్తమ్మా. పాత బియ్యం అనుకున్న. మీకు సర్వపిండి రొట్టె ఇష్టమని నానబోసిన.”

సుక్కమ్మ అక్కడే కూలబడింది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేయడం ఆమె ఏనాడూ మానలేదు. నెలకోసారి సంఘంలోని ఆడవాళ్లంతా అలా దాచిన బియ్యం చర్చికి తెచ్చి ఒకచోట పోస్తారు. అవి వేలం వేసి, వచ్చిన డబ్బుతో కంకర మిషన్ల దగ్గర రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలకు బడి నడుపుతున్నారు. ఆ బియ్యం పోసే ఆదివారం ఇవాళే.

“గింత దానికి ఏడుపెందుకే అమ్మా? బస్తా కొనుక్కొస్త, తీస్కపో,” అన్నాడు బాలరాజ్.

“కొన్నయి ఎవరన్న ఇస్తరు. గవి మన కంచంల తగ్గించుకున్నయ్‌రా. మన పద్ధతి తెల్వనోళ్లు ఇంట్ల ఉంటే గిట్లనే ఐతది!”

మంజుల ముఖం ఎర్రబడింది.

“అవ్, తెల్వదు. ఎట్ల తెలుస్తది అత్తమ్మా? పొయ్యి కాడికొస్తే ‘నువ్వు కూసో’ అంటరు. చర్చికొస్తనంటే ‘ఇంటికాడుండు’ అంటరు. గా కుండ ఎందుకున్నదో ఒక్కనాడన్న చెప్పిన్రా?”

సుక్కమ్మ ఖాళీ కుండను దగ్గరికి లాక్కుంది. ‘నువ్వు కూసో’ అన్నది ప్రేమతో కాదని ఆ పిల్లకు మొదటి రోజే అర్థమైందన్నమాట. సిగ్గుతో ఆమె తల వంచుకుంది.

మంజుల కళ్లు తుడుచుకుని బియ్యం వడగట్టింది. “పారబొయ్యొద్దు. చేసిస్త, తీస్కపోండ్రి,” అంటూ మిక్సీ పెట్టింది. కాసేపటికి సుక్కమ్మ లేచి వచ్చి, పక్కన కూర్చుని పచ్చిమిరపకాయలు తరగసాగింది. చివరి రొట్టె కాలుతుండగా మెల్లగా అంది, “నువ్వు గూడ చీర మార్చుకో పో.”

చర్చిలో వేలం వేసే సామ్యేలు, సుక్కమ్మ తెచ్చిన డబ్బా మూత తీసి నవ్వాడు.

“సుక్కమ్మక్కా, బియ్యం తెమ్మంటే సర్వపిండి తెచ్చినవ్! గీ పిల్లెవరు?”

ఆడవాళ్లంతా తలలు తిప్పారు. ఇన్నాళ్లూ ఎవరడిగినా సుక్కమ్మ “బాలరాజ్ పెండ్లాం” అనేది. అంతకుమించి ఒక్క మాట కలిపేది కాదు. ఇప్పుడు మంజుల చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

“నా కోడలు. గవి బియ్యమే సామ్యేలూ, జర కాలినయ్ అంతే. వేలం పాట మొదలువెట్టు!”

చర్చంతా నవ్వింది. వేడివేడి సర్వపిండికి పోటీపడి పాడారు. వెనక నిలబడ్డ బాలరాజ్ తన ఇంటి రొట్టెల కోసం పాట పెంచీ పెంచీ చివరికి ఓడిపోయాడు.

ఇంటికొచ్చాక సుక్కమ్మ పొయ్యి దగ్గరికి పోలేదు. పీట వేసుకుని దూరంగా కూర్చుంది. మంజుల బియ్యం కొలిచి, ఖాళీ కుండ దగ్గరికి తెచ్చుకుని ఆగిపోయింది.

“ఎంత తియ్యాలె అత్తమ్మా?”

“నన్నడుగుతవేంది బిడ్డా? నీ పిడికిట్ల ఎంత పడితే అంత,” అంది సుక్కమ్మ.